గేర్లు తీసేశాక

వేలెడు లావు కూడా లేని ఎండుపుల్ల అది. సైకిల్ ముందు చక్రం దాన్ని తొక్కి పైకి లేపింది, వెనక చక్రం లోపలికి లాక్కుంది, టప్పుమంది. దిగి చూస్తే, గేర్లు మార్చే డిరైలర్ వెనక చక్రం చువ్వల మధ్య ఇరుక్కుని, చెయిన్‌కి వేలాడుతోంది. దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ రెండు ముక్కలైంది. హ్యాంగర్‌ని మెత్తటి అల్యూమినియంతో చేసేదే అందుకు, గట్టి దెబ్బ తగిలితే అది పోవాలి, ఫ్రేము నిలవాలి అని. ఆ సంగతి తెలిసినా ఆ క్షణంలో ఓదార్పేమీ కలగలేదు. ట్రెయిల్ మధ్యలో ఉన్నాం, తిరిగి చేరడానికి ఇంకా 9 కిలోమీటర్లు.

"దీనికే మొహం అలా పెట్టావేంట్రా?" అంటూ నాతో వచ్చిన స్నేహితుడు సంచిలోంచి చెయిన్ టూల్ తీశాడు. విరిగిన డిరైలర్ విప్పి జేబులో వేసుకున్నాను. వెనక పళ్ల చక్రాలు 11 ఉంటే వాటిలో నడిమి ఒకదాన్ని చూసుకుని, ముందు పెడళ్ల దగ్గరుండే చెయిన్‌రింగ్ నుంచి దాని మీదికి చెయిన్ తిన్నగా వచ్చేలా వేసి, ఎక్కువైన లింకులు తీసేసి కలిపాడు. పావుగంట పని. "మెల్లగా తొక్కు. వెనక్కి మాత్రం తొక్కకు" అన్నాడు.

నాది హార్డ్‌టెయిల్, అంటే ముందు మాత్రమే సస్పెన్షన్ ఉండే సైకిల్ కాబట్టి ఇలా కుదిరింది. వెనక కూడా సస్పెన్షన్ ఉండే సైకిళ్లలో చాలావాటికి చక్రం పైకి లేచినప్పుడల్లా ఇరుసుకీ పెడళ్లు బిగించే క్రాంకుకీ మధ్య దూరం మారుతుంది, పొట్టి చేసిన చెయిన్‌కి అది పడదు. హార్డ్‌టెయిల్‌లో కూడా ఇది ఇల్లు చేరేదాకా సరిపోయే ఏర్పాటే. క్యాసెట్‌లోని, అంటే వెనకుండే గుత్తిలోని పళ్ల చక్రాలకు చెయిన్‌ని పక్క చక్రం మీదికి ఎక్కించడానికే చెక్కిన గాట్లు ఉంటాయి. పట్టి ఉంచే డిరైలర్ లేకపోయేసరికి చెయిన్ తనంతట తానే పెద్ద చక్రం మీదికి ఎక్కి, మీటితే మోగేలా బిగుసుకుపోయేది. మూడుసార్లు ఆగి దించుకోవాల్సి వచ్చింది.

ఆ దారంతటిలో నాకు బాగా గుర్తుండిపోయింది నా కుడి బొటనవేలు. మిట్ట కనిపించడం ఆలస్యం, అది షిఫ్టర్ నొక్కేది. షిఫ్టర్ టిక్కుమనేది. కేబుల్ అవతలి కొసన ఏమీ లేదు. ఇంకో మిట్ట, ఇంకో టిక్కు. నేను గేర్లు ఇన్నిసార్లు మారుస్తానని అప్పటిదాకా నాకే తెలియదు. కాసేపటికి వేలు ఊరుకుంది. అది ఊరుకున్నాక, మిట్ట రాకముందే నాలుగు తొక్కులు గట్టిగా తొక్కడం మొదలుపెట్టాను. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు.

కొత్త డిరైలర్ రావడానికి టైం పట్టేలా ఉంది. ఈలోపు సైకిల్‌ని మూలన పెట్టడం ఎందుకు, తాత్కాలికంగా ఒకటే గేరుండే సింగిల్‌స్పీడ్ చేసి తిప్పుదాం అనుకున్నాను. ఆ తాత్కాలికానికి ఇప్పుడు మూడేళ్లు.

గేర్లు తీసేస్తే సరి, ఇంకేముంది అనుకుని మొదలుపెట్టాను. క్యాసెట్ కదలకుండా చెయిన్ విప్‌తో పట్టుకుని లాక్‌రింగ్ తిప్పితే మొత్తం చేతిలోకి వచ్చేస్తుంది, అక్కడిదాకా తేలికే. క్యాసెట్ పోయి ఖాళీ అయిన వెనక చక్రం నడిమి భాగం, అదే ఫ్రీహబ్, దాని మీద ఒకటే పళ్ల చక్రం, దానికి అటూ ఇటూ స్పేసర్ రింగులు, పైన మళ్లీ లాక్‌రింగ్. ఆ చక్రం ఎక్కడ కూర్చోవాలన్న దగ్గర తిప్పలు మొదలయ్యాయి. అది ముందు చెయిన్‌రింగ్‌కి సరిగ్గా ఒకే వరసలో ఉండాలి. గేర్ల సైకిల్‌లో చెయిన్ కాస్త వంకరగా నడిచినా డిరైలర్ సర్దుకుంటుంది, ఇక్కడ సర్దడానికి ఎవరూ లేరు. నేను కంటి అంచనాతో పెట్టేశాను. తొక్కుతుంటే గరగరమని ఒకటే సొద. పొడవాటి ఇనుప స్కేలు చెయిన్‌రింగ్‌కి ఆనించి చూస్తే, దాని కొస వెనక పళ్లకు 3 మిల్లీమీటర్లు పక్కనుంచి పోతోంది. ఒకవైపు నుంచి 3 మిల్లీమీటర్ల స్పేసర్ తీసి రెండో వైపు వేశాను. సొద ఆగిపోయింది. అంత చిన్న రింగు చేసిన పనికి కాసేపు దాని వంకే చూస్తూ కూర్చున్నాను.

తర్వాత చెయిన్ వదులు. చెయిన్‌లో ఒక పిన్నుకీ ఇంకో పిన్నుకీ మధ్య దూరం 12.7 మిల్లీమీటర్లు, అంటే అరంగుళం. లింకులు లోపలిదీ బయటిదీ జతగానే తీయాలి కాబట్టి చెయిన్ పొడవు అంగుళం చొప్పునే మారుతుంది. ఆ మధ్యలో మిగిలే వదులు తీయాలంటే చక్రాన్ని వెనక్కి జరపాలి. నా ఫ్రేములో ఇరుసు కూర్చునే గాడి నిలువుగా ఉంది, జరపడానికి వీల్లేదు. కాబట్టి టెన్షనర్ పెట్టాలి. టెన్షనర్ అంటే పెద్దదేమీ కాదు, ఒక స్ప్రింగు, ఒక కప్పీ. దాన్ని బిగించేది హ్యాంగర్‌కే. అంటే గేర్లు వద్దనుకున్నా కొత్త హ్యాంగర్ తప్పలేదు!

మొదటిసారి ఖర్చెందుకని, పెట్టెలో పడున్న పాత క్యాసెట్‌లోంచి 18 పళ్ల చక్రం ఒకటి ఊడదీసి వేశాను. టెన్షనర్‌ని చెయిన్ కిందికి నొక్కేలా పెట్టాను. రెండూ తప్పే. మొదటి నిలువు మిట్ట మీద లేచి నిలబడి బలమంతా పెడల్ మీద వేయగానే చెయిన్ పళ్ల మీంచి ఎగిరిపోయింది. కాలి కింద పెడల్ ఉన్నట్టుండి మాయమైతే ఎలా ఉంటుందో చెప్పలేను. మోకాలు వెళ్లి హ్యాండిల్‌కి కొట్టుకుంది, చుక్కలు కనిపించాయి. గేర్లు మారడానికి వీలుగా ఉండాలని క్యాసెట్ పళ్లను పొట్టిగా, అంచులు చెక్కి చేస్తారు. సింగిల్‌స్పీడ్ కోసం చేసే చక్రానికి పళ్లు ఎత్తుగా, అన్నీ ఒకేలా ఉంటాయి. దాని అడుగు కూడా మందంగా ఉంటుంది, లేకపోతే నిలబడి తొక్కే బలానికి పల్చటి చక్రం అల్యూమినియం ఫ్రీహబ్‌ని కోసుకుంటూ పోతుంది. టెన్షనర్‌ని పైకి నొక్కేలా తిప్పి పెడితే చెయిన్ వెనక చక్రాన్ని ఇంకాస్త ఎక్కువ చుట్టుకుంటుంది, ఎక్కువ పళ్లకు పట్టు దొరుకుతుంది. ఇవన్నీ మోకాలికి ఐస్ పెట్టుకుని కూర్చున్నప్పుడు తెలుసుకున్న విషయాలు.

ఇక ఏ గేరు? అసలు గొడవంతా ఇక్కడే ఉంది. ఒక్కటే ఉంటుంది కాబట్టి ఆ ఒక్కటి ఏదన్నది చిన్న విషయం కాదు. పాత 26 అంగుళాల చక్రాల కాలంలో రెండుకి ఒకటి అనేవాళ్లు, ముందు 32 పళ్లు, వెనక 16. 29 అంగుళాల చక్రానికి అది బరువైపోతుంది, అందుకని 32కి వెనక 18 నుంచి 20 దాకా వేసుకుంటారు. నేను 18 దగ్గరే ఉండిపోయాను. ఎందుకంటే స్నేహితుడు "20 వేసుకోరా, బతికిపోతావ్" అన్నాడు. అలా అన్నాక 20 ఎలా వేసుకుంటాం?

లెక్క చూస్తే తేడా ఏమంత అనిపించదు. నా చక్రం ఒక చుట్టు తిరిగితే దాదాపు 2.3 మీటర్లు. 32కి 18 అయితే క్రాంకు ఒక్క చుట్టుకి సైకిల్ 4.1 మీటర్లు పోతుంది, 20 అయితే 3.7. నలభై సెంటీమీటర్లు, ఒక అడుగు కన్నా కాస్త ఎక్కువ. కానీ మిట్ట మీద ప్రతి చుట్టుకీ ఆ నలభై సెంటీమీటర్లను ఎత్తాల్సింది నా మోకాళ్లు. నెల తిరక్కుండానే మెట్లు దిగుతుంటే మోకాలిచిప్ప కింద సన్నగా నొప్పి. పది రోజులు సైకిల్ ముట్టలేదు. తర్వాత ఎవరికీ చెప్పకుండా 20 వేసేశాను. స్నేహితుడు చూశాడు, పళ్లు లెక్కపెట్టాడు, ఏమీ అనలేదు. అది ఇంకా బాధ.

ఇప్పుడు ఒక మిట్ట సంగతి చెప్పాలి. మేం తరచూ వెళ్లే ట్రెయిల్‌లో ఉంది, మూడు వందల మీటర్లుంటుంది. మధ్యలో ఎడమకు వంపు, వంపు దాటగానే దారికి అడ్డంగా ఒక చెట్టు వేరు, ఎప్పుడూ తడిగానే ఉంటుంది. గేర్లున్న రోజుల్లో దీన్ని కూర్చునే ఎక్కేసేవాణ్ణి. వెనక 46 పళ్ల చక్రం మీదికి చెయిన్ వేసుకుని, కాళ్లు గిరగిరా తిప్పుకుంటూ, ఏవేవో ఆలోచించుకుంటూ. ఆ వేరు అక్కడ ఉందని కూడా సరిగా గమనించలేదు.

ఒక్క గేరుతో ఆ మిట్ట చాలా ముందే మొదలవుతుంది. దానికి ముందు ఒక పల్లం ఉంది, అక్కడ బ్రేక్ పట్టుకుంటే పని అయిపోయినట్టే. ఆ వేగం నన్ను మిట్టలో మూడో వంతు దాకా ఊరికే మోసుకెళుతుంది, బ్రేక్ పట్టినంత మేరా తర్వాత కాళ్లతో కట్టాలి. అందుకని పల్లంలో వంపు తిరిగేటప్పుడు ఇంతకుముందు ఎన్నడూ పోని వేగంతో పోవడం నేర్చుకున్నాను. మిట్ట మొదట్లో కూర్చునే తొక్కుతాను. కాళ్లు మెల్లమెల్లగా బరువెక్కుతాయి. ఎప్పుడు లేవాలన్నది తెలియాలి. తొందరపడి లేస్తే బలం వృథా, ఆలస్యమైతే లేచేసరికే సైకిల్ చచ్చిపోయి ఉంటుంది.

లేచాక తొక్కడం వేరే పని. నిమిషానికి నలభై చుట్లు కూడా ఉండవు. కుడికాలు దిగేటప్పుడు కుడిచేత్తో హ్యాండిల్ లాగాలి, లేకపోతే ఆ బలం నన్నే పైకి లేపేస్తుంది. సైకిల్ అటూ ఇటూ ఊగుతుంది. నడుము కాస్త ముందుకు పోతే వెనక చక్రం మట్టిలో జారుతుంది, కాస్త వెనక్కి పోతే ముందు చక్రం లేస్తుంది. ఆ రెంటికీ మధ్య ఉన్న చోటు గుప్పెడంత. క్రాంకులు రెండూ నిలువుగా వచ్చిన చోట ఒక్క క్షణం ఎక్కడా బలం ఉండదు, సైకిల్ దాదాపు ఆగిపోతుంది. ఆ క్షణంలో ముందు చక్రం కాకుండా వెనక చక్రం ఆ తడి వేరు మీద ఉందా, అయిపోయింది, దిగాల్సిందే. ఆరుసార్లు అక్కడే దిగాను. ఏడోసారి వంపు దగ్గర్నుంచి తొక్కులు లెక్కపెట్టుకుంటూ వెళ్లి, వేరు మీదికి వచ్చేసరికి ఎడమకాలు సగం దిగుతూ ఉండేలా చూసుకున్నాను. దాటింది. పైన ఆగి సైకిల్ మీదే వాలిపోయాను, రెండు నిమిషాలు మాట రాలేదు.

సింగిల్‌స్పీడ్ వాళ్లలో ఒక పాత జోక్ ఉంది, మాకూ మూడు గేర్లున్నాయి, కూర్చుని ఒకటి, నిలబడి ఒకటి, దిగి నడిచేది ఒకటి అని. మొదటి ఆరు నెలలు నేను మూడో గేరు చాలా వాడాను.

ఇదేదో సాదాతనం, తక్కువతో బతకడం లాంటి గొప్ప విషయంగా చెప్పేవాళ్లుంటారు. నాకు అలా అనిపించలేదు. నాకు దొరికింది ఇంకొకటి. బొటనవేలు చేసే పని కళ్లకు వచ్చిపడింది. ఇదివరకు మిట్ట వచ్చాక దానికి తగ్గ గేరు వెతుక్కునేవాణ్ణి, ఇప్పుడు ముప్ఫై మీటర్ల ముందునుంచే దారి చూడాలి. ఏ రాయికి పక్కనుంచి పోతే వేగం నిలుస్తుంది, ఎక్కడ మట్టి గట్టిగా ఉంది, ఎక్కడ కాళ్లకు రెండు క్షణాలు విశ్రాంతి దొరుకుతుంది. ఏళ్ల తరబడి తిరిగిన దారులే, నాకు కొత్తగా కనిపించాయి. చప్పుడు లేకపోవడం కూడా కొంత కారణం. రాళ్ల మీద డిరైలర్ టకటకలాడదు. టైరు కింద మట్టి మారితే చెవికి తెలిసిపోతుంది, ఇసుకైతే ఒక చప్పుడు, ఎండుటాకులైతే ఒకటి.

బురదలో దీని సుఖం గేర్లవాళ్లకు చూపించి ఏడిపించొచ్చు. వాళ్ల డిరైలర్ కప్పీల్లో గడ్డి చుట్టుకుని ఆగి పుల్లలతో తీసుకుంటుంటే నేను పక్కనుంచి వెళ్లిపోతాను. అయితే చెయిన్ అరగదని కాదు. నిలబడి తొక్కే బలానికి అదీ సాగుతుంది, పళ్లూ అరుగుతాయి.

చదును దారి మాత్రం నరకం. నిమిషానికి 90 చుట్లు తొక్కితే నా గేరుకి గంటకు 20 కిలోమీటర్లు, అంతే. ఇంకా పోవాలంటే కాళ్లు మిక్సీలా తిరగాలి, పిరుదులు సీటు మీద ఎగురుతాయి. కాబట్టి కాసేపు తొక్కి, కాసేపు ఊరికే జారుతూ, మళ్లీ తొక్కుతూ పోవాలి. ట్రెయిల్ దాకా చేరడానికి ఐదారు కిలోమీటర్ల రోడ్డుంటే ఆ రోడ్డంతా తిట్టుకుంటాను. ఎదురుగాలి ఉంటే ఇంకా పెద్దగా.

నలుగురితో కలిసి వెళ్లడంలో ఒక చిక్కుంది, దీని గురించి ముందుగా నాకెవరూ చెప్పలేదు. మిట్ట మీద గేర్లవాళ్లు నెమ్మదిస్తారు, నేను నెమ్మదించలేను. వాళ్ల వేగంతో పోతే నేను పడిపోతాను. "కాస్త పక్కకి, కాస్త పక్కకి" అని బతిమాలుకుంటూ అందర్నీ దాటి పైకి పోవాలి. చూసేవాళ్లకు పొగరులా ఉంటుంది. పైకి చేరాక పది నిమిషాలు ఊపిరి అందక కూర్చుంటానని వాళ్లకు తెలియదు. తర్వాత చదునులో వాళ్లంతా నన్ను వదిలేసి పోతారు, లెక్క సరిపోతుంది.

పాతకాలం మౌంటెన్ బైకులన్నీ ఒక్క గేరువే, మేం అసలు దారిలోనే ఉన్నాం అని కొందరు సింగిల్‌స్పీడ్ అభిమానులు వాదిస్తారు. అది సగమే నిజం. కాలిఫోర్నియాలో టమాల్పైస్ కొండ దగ్గర 1976లో మొదలైన రీప్యాక్ పందేల్లో ష్విన్ కంపెనీ పాత సైకిళ్లు తొక్కేవాళ్లు, చాలావాటికి ఒకటే గేరు, బ్రేకేమో వెనక్కి తొక్కితే హబ్ లోపల పట్టేది. దిగేసరికి ఆ వేడికి హబ్‌లో గ్రీజు కాలి పొగలొచ్చేది, మళ్లీ గ్రీజు నింపాలి. రీప్యాక్ అన్న పేరు అలా వచ్చిందే. కానీ అవి కొండ దిగే పందేలు. పైకి వెళ్లడానికి ఆ సైకిళ్లను నెట్టుకుంటూనో ట్రక్కులో ఎక్కించుకునో పోయేవాళ్లు. అదే మనుషులు తర్వాత గేర్లు బిగించుకున్నది తొక్కుకుంటూ పైకి ఎక్కడానికే. వాళ్లు బుద్ధిగా వదిలేసిన దాన్ని మేం వెతుక్కుని మరీ తెచ్చుకున్నాం. సింగిల్‌స్పీడ్ ప్రపంచ చాంపియన్‌షిప్ అని ఒకటుంది, అందులో గెలిచినవాళ్లకు ఇచ్చేది పతకం కాదు, పచ్చబొట్టు. అదీ అక్కడికక్కడే పొడిపించుకోవాలి. ఆ ఒక్క విషయంతో ఈ జనం ఎలాంటివాళ్లో అర్థమవుతుంది.

మొదటి ఏడాది అయ్యాక టెన్షనర్‌తో విసిగిపోయి, వెనక గాడి జరిగే ఫ్రేముకి మారాను. రెండు బోల్టులు వదులు చేసి చక్రాన్ని వెనక్కి లాగి బిగిస్తే చాలు, స్ప్రింగులేదు, కప్పీ లేదు. వెనక ఒక పన్ను మారిస్తే ఇరుసు 3 మిల్లీమీటర్లు పైచిలుకు జరుగుతుంది, కాబట్టి 19, 20, 21 మార్చుకున్నా అదే చెయిన్ సరిపోతుంది. ఇక్కడా ఒక పొరపాటు చేశాను. ఎక్కడో ఒకచోట చెయిన్ నొక్కి చూసి, బాగుందనుకుని బిగించేశాను. తొక్కుతుంటే ప్రతి చుట్టుకీ ఒకసారి గిర్రుమని మూలుగు. చెయిన్‌రింగ్ పూర్తి గుండ్రంగా ఉండదు, క్రాంకు తిప్పుతూ పోతే ఒకచోట చెయిన్ బిగుస్తుంది, ఇంకోచోట వదులవుతుంది. బాగా బిగిసే చోటు కనిపెట్టి, అక్కడ అరంగుళం ఆడేలా పెట్టుకోవాలి. ఇప్పుడు వేలితో తడితే తెలిసిపోతుంది.

కొత్త డిరైలర్ ఎప్పుడో వచ్చింది, డబ్బా కూడా విప్పలేదు. పోయిన నెల స్నేహితుడు తన 12 గేర్ల సైకిల్ ఇచ్చి "ఒక్కసారి మనుషుల్లా ఎక్కి చూడరా" అన్నాడు. ఆ వేరున్న మిట్టకే వెళ్లాం. పల్లంలో బ్రేక్ పట్టకుండా దిగాను, మూడో వంతు దాకా వేగం మోసింది, లేచి నిలబడ్డాను, తొక్కులు లెక్కపెట్టుకున్నాను, వేరు దాటాను. పైన ఆగి రొప్పుతుంటే వెనకాలే నా సైకిల్ నెట్టుకుంటూ నడిచి వచ్చాడు. "అన్ని గేర్లుంటే ఒక్కటీ మార్చలేదేంట్రా?" అన్నాడు. షిఫ్టర్ ఉందన్న సంగతే గుర్తురాలేదు.

ప్రస్తుతం నా 20 పళ్ల చక్రం అరిగిపోయింది, పళ్లు సొరచేప రెక్కల్లా వంగిపోయాయి. కాళ్లు మూడేళ్ల కిందటివి కావు కాబట్టి 19 వేయొచ్చేమో అని ఒక ఆలోచన. మోకాలు గుర్తొస్తే 20 చాలనిపిస్తుంది. గేర్ల సైకిల్ వాళ్లు ఈ నిర్ణయం బొటనవేలితో సెకనులో సగంలో తీసేసుకుంటారు, నాకు రెండు వారాలుగా తెగట్లేదు. రెండూ తెప్పించి బల్ల మీద పెట్టుకున్నాను. రేపు పొద్దున్నే రైడ్ ఉంది, చక్రం ఇంకా బిగించలేదు.